ఒకే కొంగు, ముగ్గురు పిల్లలు

(దేవరకొండలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, మహిళా సంఘాల సభ్యుల సమావేశంలో ఒక రిటైర్డ్ ఆప్తాల్మిక్ ఆఫీసర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండన పడి వచ్చారు, ఈ హాల్లో ఫ్యాన్లు కూడా అంతంతమాత్రంగానే తిరుగుతున్నాయి. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోను. ట్రకోమా గురించి, అంటే పదేపదే సోకి చివరికి చూపు పోగొట్టే ఒక కంటి అంటుజబ్బు గురించి, మాట్లాడమన్నారు. నేను రాగానే ఒక అంగన్‌వాడీ టీచర్ అడిగారు: "మేడం, ఆ జబ్బు మన దేశంలో లేదని పేపర్లో వేశారు కదా, మళ్ళీ మీటింగ్ ఎందుకు?" అని. అడగాల్సిన ప్రశ్నే. అక్కడి నుంచే మొదలుపెడతాను.

పేపర్లో వచ్చింది నిజమే. మన దేశంలో ట్రకోమా నియంత్రణ కార్యక్రమం 1963లో మొదలైంది. తర్వాత 1976లో దాన్ని అంధత్వ నివారణ కార్యక్రమంలో కలిపేశారు. పిల్లల్లో అంటుకునే దశలో ఉన్న ట్రకోమా దేశంలో ఇక లేదని 2017 డిసెంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. 2024 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ధ్రువీకరించింది. ఆ సంస్థ లెక్కలో మనం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతపు దేశాల్లో నేపాల్, మయన్మార్ తర్వాత మనది మూడో పేరు. చిన్న విషయం కాదు. ఒకప్పుడు పంజాబ్, హర్యానా, రాజస్థాన్ వైపు ఊళ్ళకు ఊళ్ళే ఈ జబ్బుతో కండ్లు నలుపుకుంటూ బతికాయి.

అయితే ఆ ప్రకటనలో "ప్రజారోగ్య సమస్యగా లేదు" అని ఉంటుంది. దానికి ఒక లెక్క ఉంది. ఏడాది నుంచి తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్లో జబ్బు చురుగ్గా ఉన్నవాళ్ళు నూటికి ఐదుగురి కంటే తక్కువ ఉండాలి. పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగినా మన ఆరోగ్య శాఖ కంట పడనివాళ్ళు వెయ్యికి ఇద్దరి కంటే తక్కువ ఉండాలి. తక్కువ ఉండాలన్నారు గానీ ఎవరూ ఉండరని అనలేదు. ఆ ఇద్దరిలో ఒకామె మీ ఊళ్ళో ఉంటే ఆమెకు ఢిల్లీలో చేసిన ప్రకటనతో ఏం పని?

ఇంకో మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ జబ్బు బరువు ఎక్కువగా మోసింది ఉత్తరాది. మన నల్లగొండ, పాలమూరు ఆ స్థాయిలో ఎప్పుడూ లేవు. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వాళ్ళు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పది వేల పైచిలుకు మందిని పరీక్షించారు. పేద పల్లెలకు నమూనాగా తీసుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్, అదే మన పాలమూరు, ఒకటి. చూపు పోవడానికి పెద్ద కారణం శుక్లాలనీ, ఆ తర్వాత సరైన కండ్లజోడు లేకపోవడమనీ అందులో తేలింది. కాబట్టి రేపటి నుంచి ఇంటింటికీ పోయి "ట్రకోమా, ట్రకోమా" అని టెన్షన్ పెట్టకండి. ఈ జబ్బు ఒక ఇంట్లోకి ఏ దారిన వస్తుందో తెలిస్తే, ఆ దారినే వచ్చే కండ్ల కలక, విరేచనాలు, నులిపురుగులు అన్నీ మీకు కనిపిస్తాయి. నేను వచ్చింది ఆ దారి చూపించడానికి.

క్లమీడియా ట్రకొమాటిస్ అనే బ్యాక్టీరియా దీనికి కారణం. పై రెప్ప లోపలి పొరలో కాపురం పెడుతుంది. ఒకసారి సోకితే కండ్లు కాస్త ఎర్రబడతాయి, పుసి కడుతుంది, మెల్లగా దానంతట అదే సర్దుకుంటుంది. చాలామంది పిల్లలకు నొప్పి కూడా ఉండదు. కండ్ల కలక వస్తే ఊరంతా గోల, నల్లద్దాలు, బడికి సెలవు. ఇది చప్పుడు లేకుండా వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. ఆ "మళ్ళీ" దగ్గరే ఉంది ప్రమాదమంతా. ఒక్కసారి సోకినంత మాత్రాన ఎవరి చూపూ పోదు. చిన్నతనంలో ఏళ్ళ తరబడి పదేపదే సోకితే రెప్ప లోపల మచ్చలు పడతాయి. ఆ మచ్చలు ముడుచుకుని రెప్ప అంచును లోపలికి గుంజుతాయి. వెంట్రుకలు నల్లగుడ్డుకు రాసుకుంటాయి. రెప్ప కొట్టిన ప్రతిసారీ ఒక గీత. కొన్నేళ్ళకు నల్లగుడ్డు తెల్లబడుతుంది. ఆ తెలుపు చుక్కల మందుతో పోయేది కాదు.

పిల్లల్లో దీన్ని గుర్తుపట్టాలంటే పై రెప్ప తిరగేయాల్సిందే. లోపలి వైపు ఉడికిన సగ్గుబియ్యం లాంటి బొడిపెలు కనిపిస్తాయి. అర మిల్లీమీటరుకు తగ్గనివి కనీసం ఐదు ఉంటే చురుగ్గా ఉన్న ట్రకోమా అని లెక్క. ఇది 1987 నుంచి ప్రపంచమంతా వాడుతున్న కొలత. అది మా పని, మీరు తిరగేయకండి. మీరు చూడాల్సింది బయటే ఉంది: పిల్లవాడి మొహం. కంటి మూలల్లో పుసి, ముక్కు కింద చీమిడి, దాని మీద ఈగ. ఈ మూడూ ఒకే మొహం మీద కనిపించాయంటే ఆ ఇంట్లోకి వెళ్ళి కూర్చోండి.

ఏం చూడాలో చెబుతాను. ఒక తండాలో నేను ఓ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. తల్లి గోళెం దగ్గరికి వచ్చింది. కొంగు చివర నీళ్ళలో తడిపింది. పెద్దోడి కండ్లు తుడిచింది. అదే కొంగును మడత మార్చకుండా నడిమిదాని ముక్కు తుడిచింది. తర్వాత చంకలో ఉన్న చంటిదాని కంటి మూలలు. ఆఖరుకు తన మొహం మీది చెమట. పట్టుమని నిమిషం పట్టలేదు. ఎంత ప్రేమగా తుడిచిందో! ఆమెను తప్పు పట్టడానికి నోరు రాదు. కానీ ఆ నిమిషంలో పెద్దోడి కంట్లో ఉన్నది ఇంటిల్లిపాదికీ చేరింది. ఒకే తువ్వాల, ఒకే దిండు, ఒకే బొంత కింద నలుగురు పిల్లలు, ఒకే వేలితో వరసగా అందరికీ కాటుక. ఇవన్నీ అలాంటి దారులే. జబ్బున్న పిల్లవాడి పక్కన పడుకునేవాళ్ళకు సోకే అవకాశం ఎక్కువ. ఒక్క గది ఇంట్లో ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో ఎంచుకునే వీలు ఎక్కడుంటుంది?

ఆ తల్లికి నేను ఏం చెప్పాలి? "శుభ్రంగా ఉండమ్మా" అనాలా? ఆ మాట అనడం తేలిక. ఆరోగ్య శాఖలో ఉన్నన్నాళ్ళూ మేము చేసింది అదే, గోడ మీద రాయించడం, కరపత్రం పంచడం. నా మట్టుకు నాకు ఆ గోడరాతల మీద నమ్మకం లేదు. మొహం కడగడానికి ఏం కావాలి? నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు తెచ్చే మనిషికి తీరిక కావాలి. తెచ్చిన నీళ్ళలో పిల్లల మొహానికి ఒక చెంబు పక్కన పెట్టాలన్న ఆలోచన ఉండాలి.

ఆఫ్రికాలోని గాంబియాలో ఈ విషయమే ఆరా తీశారు. ట్రకోమా ఉన్న ఇళ్ళనూ లేని ఇళ్ళనూ పోల్చి చూశారు. ఇంటికి మొత్తం ఎన్ని నీళ్ళు వస్తున్నాయన్న దాని కంటే, పిల్లలను కడగడానికి ఎన్ని వాడుతున్నారన్న దగ్గరే తేడా కనిపించింది. అంటే, నీళ్ళు తక్కువున్న ఇంట్లో కూడా పిల్లల మొహానికి వాటా దక్కితే జబ్బు తగ్గుతోంది. ఆ వాటా ఎవరు పెడతారు? బిందె మోసే ఆడమనిషే. బోరింగు దగ్గర గంట నిలబడి, నెత్తిన ఒకటి, నడుమున ఒకటి పెట్టుకుని వచ్చిన మనిషి ఆ నీళ్ళను ముందు వంటకు, తాగడానికి, పశువులకు చూస్తుంది. మొహాల వంతు చివర్లో వస్తుంది.

మన జిల్లాలో దీనికి ఇంకో మెలిక ఉంది. ఫ్లోరైడ్. మర్రిగూడ, చండూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారు, మీకు నేను చెప్పేదేముంది. వంకర కాళ్ళు చూసి పెరిగిన తరం మనది. ఆ భయంతో మన దగ్గర నీళ్ళ గురించి మాటంటే తాగే నీళ్ళ గురించే. ముందు వాటర్ ప్లాంట్లు, ఇరవై లీటర్ల క్యాన్లు, తర్వాత మిషన్ భగీరథ నల్లాలు. కడుక్కునే నీళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను చాలా ఇళ్ళల్లో విన్న మాట ఇది: "బోరు నీళ్ళు మంచివి కావు మేడం, పిల్లల కండ్లకు పెట్టం. క్యాన్ నీళ్ళు కొని తెచ్చినవి, పారబొయ్యం." అంటే పిల్లవాడి మొహానికి ఏ నీళ్ళూ లేవు!

(సభ నుంచి: "మరి ఫ్లోరైడ్ నీళ్ళతో కడిగితే ఏం కాదా మేడం?")

ఏం కాదు చెల్లె. ఫ్లోరైడ్ కడుపులోకి పోతేనే ఎముకలకూ పళ్ళకూ పట్టుకుంటుంది. తాగడానికి, వండటానికి ఆ నీళ్ళు వద్దు. మొహం కడగడానికి, చేతులు కడగడానికి, తువ్వాల ఉతకడానికి ఇబ్బంది లేదు. మురుగు కలవని బోరు నీళ్ళయితే చాలు. ఇంకోటి, మొహానికి బకెట్ నీళ్ళు అక్కర్లేదు. చిన్న గ్లాసెడు చాలు, పైనుంచి ధారగా పోస్తే చాలు. ప్లాస్టిక్ సీసా మూతకు మేకుతో బొక్క పెట్టి, గుంజకు తలకిందులుగా కట్టండి. పిల్లలు ఆటలాగా వాళ్ళే కడుక్కుంటారు. సబ్బుంటే మంచిదే, లేకపోయినా పుసి వదిలేదాకా నీళ్ళతో కడిగితే సగం పని అయినట్టే. కడిగాక తుడవాలని కూడా లేదు, మన ఎండకు అదే ఆరిపోతుంది. ఉమ్మడి తువ్వాలతో తుడిచేకంటే ఆరనివ్వడమే మేలు.

ఇక ఈగల సంగతి. ఈగలన్నీ ఒకటి కావు. ట్రకోమాను కంటి నుంచి కంటికి మోసేవాటిలో పేరు మోసింది ముస్కా సార్బెన్స్ అనే రకం. ఇంట్లో అన్నం మీద వాలే ఈగ కంటే దీనికి మనిషి మొహం మీద మోజు ఎక్కువ. పుసిలో, చీమిడిలో ఉండే తేమ, మాంసకృత్తులు దానికి తిండి. అది గుడ్లు పెట్టేది ఎక్కువగా ఆరుబయట నేల మీద పడి ఉన్న మనిషి మలంలో. కప్పి ఉన్న మరుగుదొడ్డి గుంతలో అది పెరగదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి. గాంబియాలోనే ఇంకో పరిశోధన జరిగింది, 2004లో అచ్చయింది. పురుగుమందు కొట్టిన ఊళ్ళలో పిల్లల కండ్ల మీద వాలే ఈగలు 88 శాతం తగ్గాయి. మందు ఊసే లేకుండా మరుగుదొడ్లు మాత్రమే కట్టించిన ఊళ్ళలో 30 శాతం తగ్గాయి. మందు ఆపితే ఈగ తిరిగొస్తుంది. మరుగుదొడ్డి, వాడితే, అక్కడే ఉంటుంది.

"వాడితే" అన్నాను. (నవ్వులు) ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు. మన ఊళ్ళలో ఇంటింటికీ కట్టారు. కొన్నింట్లో కట్టెలున్నాయి, కొన్నింట్లో కోళ్ళున్నాయి, ఒక ఇంట్లో అయితే ఎరువు బస్తాలకు తాళం వేసి మరీ కాపాడుతున్నారు. నీళ్ళు లేక వాడటం లేదన్నవాళ్ళతో నాకు పేచీ లేదు. మగవాళ్ళు అలవాటు మానలేక పొలం గట్లకు పోతుంటే మాత్రం పేచీ ఉంది. ఇంకా పెద్ద పేచీ చిన్నపిల్లల దగ్గర. "చిన్నపిల్లల దొడ్డికి ఏముంది, అంటు లేదు" అనుకుంటాం. ఇంటి ముందరే కూర్చోబెడతాం, ఆకుతోనో కాగితంతోనో తీసి పెంటకుప్ప మీద వేస్తాం. ట్రకోమా ఎక్కువగా ఉండేది ఏ వయసు వాళ్ళలో? బడి వయసు కూడా రాని పిల్లల్లో. వాళ్ళ కండ్ల మీద వాలే ఈగ పుట్టేది ఎక్కడ? ఆ పెంటకుప్ప మీదే. ఇంటి పక్కనే కొట్టం ఉంటే పేడకు వచ్చే ఈగలు అదనం. పెంట దూరంగా వేయడం, చంటిపిల్లల మలం మరుగుదొడ్డిలోనే పారబోయడం, ఈ రెండూ డబ్బు ఖర్చులేని పనులు. అంగన్‌వాడీలో తల్లులకు మీరు చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

ఈ జబ్బుతో చూపు పోయేది ఆడవాళ్ళకే ఎక్కువ. మగవాళ్ళతో పోలిస్తే నాలుగు రెట్ల దాకా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆడవాళ్ళ కండ్లలో ప్రత్యేకంగా ఏమీ లేదు. పిల్లలను ఎత్తుకునేది, తుడిచేది, పక్కలో వేసుకునేది వాళ్ళే. తన చిన్నతనంలో తమ్ముళ్ళ నుంచి, పెళ్ళయ్యాక పిల్లల నుంచి, ముసలితనంలో మనవళ్ళ నుంచి సోకుతూనే ఉంటుంది. అందుకే మన దగ్గర చిన్నపిల్లల్లో జబ్బు పోయినా, నలభై యాభై ఏళ్ళ కింద సోకినదాని ఫలితం ఇప్పుడు అవ్వల రెప్పల్లో కనిపించవచ్చు. అవ్వ కొంగుతో కన్ను ఒత్తుకుంటూ ఎండలోకి రాకపోతే, ముల్లు తీసే చిమ్టాతో రెప్ప వెంట్రుకలు పీకించుకుంటుంటే, "వయసు మీద పడింది" అని వదిలేయకండి. కంటి క్యాంపులో జనం ఎక్కువ, టైం తక్కువ. కండ్లద్దాలు, శుక్లం చూసేసరికే పొద్దు గుంకుతుంది. వెంట్రుకల దగ్గరికి ఎవరూ రారు. మీరు టార్చ్ వేసి, అవ్వను నేరుగా ముందుకు చూడమంటే చాలు. ఒక్క వెంట్రుకైనా గుడ్డుకు తగులుతుంటే పంపండి.

వలస గురించి చెప్పకుండా పాలమూరు, దేవరకొండ ఆరోగ్యం గురించి మాట్లాడటం దండగ. అచ్చంపేట, నారాయణపేట, మక్తల్ నుంచి గుంపు మేస్త్రీ వెంట ముంబైకో పుణెకో పోయినవాళ్ళు బిల్డింగులు కడతారు, తాము పరదాల గుడిసెల్లో ఉంటారు. ఇరవై గుడిసెలకు ఒక నీళ్ళ ట్యాంకర్. మరుగుదొడ్డి అంటే వెనక ఉన్న ఖాళీ స్థలం. ఇక్కడ ఇంట్లో నల్లా వచ్చింది, మరుగుదొడ్డి వచ్చింది. ఆ పిల్లవాడు మాత్రం ఏడాదిలో ఎనిమిది నెలలు ఆ పరదా కిందే పెరుగుతాడు. ఊరిలో సర్వే చేసినప్పుడు వాడు ఊళ్ళో ఉండడు, అక్కడ సర్వే చేస్తే వాడు అక్కడి లెక్కలోకి రాడు. అదే సమయంలో మన దగ్గర ఇటుక బట్టీల్లో ఒడిశా పిల్లలు ఉంటారు. ఆశా చెల్లెళ్ళు, మీ జాబితాలో బట్టీ ఉందా? ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ... సరే, కొందరు ఎత్తారు. మిగతావాళ్ళు ఊరి పొలిమేర దాటి ఆ నాలుగు అడుగులు వేయండి.

మందు గురించి క్లుప్తంగా. అజిత్రోమైసిన్ ఒక్క డోసు చాలు, లేదా టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంట్ ఆరు వారాలు. జబ్బు ఎక్కువున్న చోట్ల ఒక్క పిల్లవాడికి కాక ఊరంతటికీ ఇస్తారు, లేకపోతే పక్కింటి నుంచి తిరిగొస్తుంది. ఆపరేషన్, మందు, మొహం శుభ్రత, పరిసరాల బాగు, నాలుగూ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో ఒక పద్ధతి పెట్టింది.

అయితే మందు కనిపెట్టకముందే ఈ జబ్బు కొన్ని దేశాల్లో పోయింది, అది ఆలోచించాల్సిన విషయం. నెపోలియన్ కాలంలో ఈజిప్టులో యుద్ధం చేసి వచ్చిన సైనికులతో ట్రకోమా ఐరోపాకు పాకింది. బ్యారక్‌లలో కిక్కిరిసి ఉంటూ, ఒకే నీళ్ళ తొట్టి, ఒకే తువ్వాల వాడుకునేవాళ్ళు. ఆ కండ్ల కోసమే లండన్‌లో 1805లో ఒక ఆసుపత్రి పెట్టారు, అదే ఇప్పటి మూర్‌ఫీల్డ్స్. ఆ తర్వాత నూరేళ్ళలో ఇళ్ళు విశాలమయ్యాయి, నీళ్ళు గొట్టాల్లో వచ్చాయి, మురుగు కాలవలు పడ్డాయి. యాంటీబయోటిక్స్ వచ్చే నాటికే అక్కడ జబ్బు చాలావరకు తగ్గిపోయింది.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాచను. ఇథియోపియాలో అమ్హారా ప్రాంతంలో కొన్ని ఊళ్ళకు నీళ్ళ పాయింట్లు, సబ్బు, శుభ్రత పాఠాలు ఇచ్చి మూడేళ్ళు చూశారు. 2022లో ఫలితాలు వచ్చాయి: ఇచ్చిన ఊళ్ళకూ ఇవ్వని ఊళ్ళకూ పిల్లల కండ్లలో బ్యాక్టీరియా విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. "చూశారా, శుభ్రతతో ఏమీ కాదు" అని కొందరన్నారు. నేను దాన్ని అలా చదవను. జబ్బు అంత ఎక్కువగా ఉన్న చోట ఇంటి వైశాల్యం మారకుండా, తల్లి పని భారం తగ్గకుండా, మూడేళ్ళలో ఒక సబ్బు ఎంతని చేస్తుంది? ఐరోపాలో మారింది మొత్తం బతుకు. ఇథియోపియాలో ఇచ్చింది అందులో ఒక ముక్క. అందుకే మనం కూడా సబ్బు పంచేసి ఫొటో దిగి "అవగాహన కల్పించాం" అనుకోకూడదు. గ్రామసభలో నల్లా గురించి, ట్యాంకర్ గురించి, బట్టీ యజమాని కట్టించాల్సిన మరుగుదొడ్ల గురించి మాట్లాడటం కూడా కంటి వైద్యమే. రిటైర్ అయ్యాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. (నవ్వులు)

(సభ నుంచి: "మా ఊళ్ళో ఒక అవ్వకు మీరు చెప్పినట్టే వెంట్రుకలు గుచ్చుకుంటాయి మేడం. ఆపరేషన్ అంటే కన్ను తీసేస్తరని భయపడుతోంది.")

కన్ను జోలికే పోరమ్మా. ఆపరేషన్ రెప్పకు. తిమ్మిరి సూది ఇచ్చి, రెప్ప అంచును బయటికి తిప్పి కుట్లు వేస్తారు. చాలావరకు అదే రోజు ఇంటికి రావచ్చు. అప్పటికే తెల్లబడిన చూపు తిరిగి రాకపోవచ్చు, ఆ ఆశ పెట్టకండి. కానీ గుచ్చుకునే బాధ పోతుంది, ఉన్న చూపు నిలుస్తుంది. కోడలో కూతురో వెంట పోతే భయం సగం తగ్గుతుంది, ఎవరూ లేకపోతే మీరే పోండి. ఒకటి మాత్రం మర్చిపోకండి: కొందరికి ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు వెంట్రుకలు మళ్ళీ లోపలికి తిరుగుతాయి. అందుకని "ఆపరేషన్ అయింది" అని రిజిస్టర్‌లో టిక్ పెట్టి ఆ పేరు వదిలేయొద్దు. ఆరు నెలలకోసారి అవ్వ ముందు టార్చ్ పట్టుకుని కూర్చోండి.